గాజు పలక మీద హరం షరీఫ్: సాదిఖ్ బే ఛాయాచిత్రాలు - ఒక పరిశీలన

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లోని ముస్లిముల ఇళ్ళలో తరచుగా రెండు చిత్రాలు గోడకు వేలాడుతూ కనబడతాయి. ఒకటి కాబా గృహం, రెండవది మదీనాలోని పచ్చ గుంబజు. పాతకాలపు ఇళ్ళలో ఇవి నలుపు తెలుపు చిత్రాలు. అద్దం వెనుక కాగితం గోధుమ రంగుకు తిరిగి, అంచులు చెమ్మ పట్టి ఉంటాయి. తాతగారు హజ్జు నుండి వస్తూ తెచ్చారని, లేదా బొంబాయి రేవులో ఓడ దిగిన రోజున కొన్నారని ఇంటివారు చెబుతారు. ఆ చిత్రాన్ని ఎవరు తీశారు, ఏ సంవత్సరంలో తీశారు, ఎక్కడ నిలబడి తీశారు అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. అసలు ఆ ప్రశ్న అడిగేవారే అరుదు.

ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే. ఒక మాట చెవిన పడితే, అది ఎవరు చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు, వారి జ్ఞాపకశక్తి ఎలాంటిది అని ముందుగా విచారించడం ఇస్లామీయ విద్యాసంప్రదాయానికి ప్రాణం. అవిధేయుడు తెచ్చిన వార్తను విచారించి నిజానిజాలు తేల్చుకోమని దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా (49:6) విశ్వాసులను ఆదేశించింది. ఈ ఆదేశం నీడలోనే హదీసు పండితులు లక్షలాది ఉల్లేఖనాలను వడపోశారు. అంతటి సంప్రదాయానికి వారసులైనవారు ఛాయాచిత్రం ముందుకు వచ్చేసరికి ఆ అలవాటును పక్కన పెట్టేస్తున్నారు. కళ్ళెదుట కనబడుతున్నది కనుక అది నిజమేనని నమ్ముతున్నారు.

ఛాయాచిత్రం కూడా ఒక ఖబరే, అంటే ఒక వార్తే. దానికీ ఒక ఉల్లేఖకుడు ఉంటాడు. అతని విశ్వసనీయత ఎంత, అతని పరికరం దేనిని భద్రపరచింది, దేనిని పోగొట్టుకుంది, ఆ చిత్రం ఎవరెవరి చేతులు మారి వచ్చింది అనే ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి. మక్కా మదీనాల పవిత్ర మస్జిద్‌ల తొలి ఛాయాచిత్రాలను ఈ గీటురాయి మీద పెట్టి చూస్తే కొన్ని విలువైన సంగతులు బయటపడతాయి. ఒక అన్యాయం కూడా బయటపడుతుంది.

ఉల్లేఖకుడు ఎవరు?

మస్జిదె నబవీని, ఆ తరువాత మస్జిదె హరాంను మొదటిసారిగా కెమెరాతో చిత్రించిన వ్యక్తి ముహమ్మద్ సాదిఖ్ బే. ఆయన ఈజిప్టు సైన్యంలో అధికారి. పారిస్‌లో ఇంజినీరింగు విద్య అభ్యసించి వచ్చినవాడు. 1861లో ప్రభుత్వం ఆయనను హిజాజ్‌కు పంపింది. ఎర్రసముద్ర తీరంలోని అల్‌వజ్హ్ రేవు నుండి మదీనా వరకు ఉన్న దారిని కొలిచి పటం గీయడం ఆయనకు అప్పగించిన పని. ఆ పనిముట్లతో పాటు ఆయన కెమెరాను కూడా వెంట తీసుకువెళ్ళాడు. మదీనా నగరాన్ని, మస్జిదె నబవీ గుంబజును, మినార్లను చిత్రించాడు. తనకు ముందు ఆ దృశ్యాలను ఎవరూ కెమెరాతో తీయలేదని తన యాత్రా వృత్తాంతంలో రాసుకున్నాడు.

ఆ సంవత్సరానికి ఒక ప్రత్యేకత ఉంది. ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ 1848 ప్రాంతంలో మొదలుపెట్టించిన మస్జిదె నబవీ పునర్నిర్మాణం అప్పుడే ముగింపుకు వచ్చింది. అంటే సాదిఖ్ బే చూసింది కొత్తగా లేచిన కట్టడాన్ని. ఈనాటి పాఠకుడు ఆ చిత్రాన్ని చూసి 'ఎంత ప్రాచీనమైన మస్జిద్!' అనుకుంటాడు. తీసినవాని కంటికి మాత్రం అది నిన్నమొన్న సున్నం ఆరిన భవనం. చిత్రం పాతదైతే అందులోని వస్తువు కూడా పాతదేనని భ్రమపడడం చూసేవారు చేసే మొదటి పొరపాటు.

1880లో సాదిఖ్ బే మళ్ళీ హిజాజ్ వెళ్ళాడు. ఈసారి ఈజిప్టు నుండి బయలుదేరే మహ్మల్ బిడారుకు ఆయన కోశాధికారి. హరమైన్ ప్రజలకు పంచవలసిన సొమ్ము ఆయన చేతి మీదుగా నడిచేది. ఆ యాత్రలోనే మస్జిదె హరాం దృశ్యాలను, కాబా గృహాన్ని, హాజీల గుడారాలను, కాబా తాళంచెవుల సంరక్షకుని చిత్రించాడు. 1881లో ఆ చిత్రాల సంపుటి వెలువడింది. అదే సంవత్సరం వెనిస్‌లో జరిగిన అంతర్జాతీయ భూగోళ శాస్త్రజ్ఞుల మహాసభలో ఆయనకు స్వర్ణపతకం లభించింది. 1902లో ఆయన మరణించాడు.

హదీసు శాస్త్రం ఉల్లేఖకుని నుండి రెండు గుణాలను కోరుతుంది. ఒకటి అదాలత్, అంటే నడవడిలో నిజాయితీ. రెండవది జబ్త్, అంటే విన్నదానిని చెక్కుచెదరకుండా నిలుపుకునే శక్తి. సాదిఖ్ బే కెమెరా ఒక్కదానినే నమ్ముకోలేదు. మస్జిద్ పొడవు వెడల్పులను కొలిచాడు, దారిలోని మజిలీలను లెక్కగట్టాడు, కొలతలను పుస్తకాలకెక్కించాడు. చిత్రం చెప్పినదానిని కొలతతోను, కొలత చెప్పినదానిని చిత్రంతోను సరిచూసుకునే అవకాశం పాఠకునికి ఇచ్చాడు. మొదటి గుణం విషయంలో ఆయనకు లోటు లేదు. రెండవ గుణం ఆయన ఒక్కరి చేతిలో లేదు, ఆయన వాడిన గాజు పలక చేతిలో ఉంది.

గాజు పలక జ్ఞాపకశక్తి

ఆ కాలపు కెమెరాలో ఫిల్ము లేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి, దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి. బొమ్మ పడిన వెంటనే చీకటి గుడారంలోకి తీసుకుపోయి కడగాలి. ఈ పనంతా కొద్ది నిమిషాల్లో ముగియాలి. తడి ఆరితే పలక పనికిరాదు. హిజాజ్ ఎండలో తడి ఎంత త్వరగా ఆరుతుందో, గాలిలో లేచే ధూళి జిగురు పలకకు ఎలా అంటుకుంటుందో ఊహించుకోవచ్చు. సీసాలు, పళ్ళాలు, గాజు పలకలు, గుడారం, కడగడానికి నీళ్ళు అన్నీ ఒంటెల మీద మోయించుకుపోవాలి. ఆ ఎడారి దారిలో నీరు ఎంత విలువైనదో హాజీలకు చెప్పనక్కరలేదు.

ఇంత శ్రమతో తయారైన పలకకు ఒక పెద్ద లోపం ఉంది. అది నీలం, ఊదా కాంతికి మాత్రమే చక్కగా స్పందిస్తుంది. పచ్చ, పసుపు, ఎరుపు రంగులు దానికి దాదాపు చీకటితో సమానం. ఫలితం ఏమిటంటే, హిజాజ్ నీలాకాశం చిత్రంలో ఏమీ లేని తెల్లటి ఖాళీగా మిగులుతుంది. 1837లో పచ్చ రంగు వేయించిన మదీనా గుంబజు ముదురుగా, నలుపుకు దగ్గరగా పడుతుంది. కాబా గిలాఫు చుట్టూ బంగారు పూత తీగతో కుట్టిన ఆయతుల పట్టీ, ఎండ నేరుగా తగిలి మెరిసిన చోట తప్ప, నల్లని పట్టులో కలిసిపోయి మసకబారుతుంది.

ఈ సంగతి తెలియనివారు ఆ చిత్రాలను చూసి ఎన్నో తీర్మానాలు చేయగలరు. ఆ రోజుల్లో గుంబజు నల్లగా ఉండేదని అనగలరు, గిలాఫు మీద పట్టీ లేదని కూడా అనగలరు. నలుపు తెలుపు చిత్రం అబద్ధం చెప్పదన్న ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. అది అబద్ధం చెప్పాలనుకోదు, కాని దాని జ్ఞాపకశక్తి సగం రంగులను మరచిపోతుంది. నిజాయితీపరుడే అయినా జ్ఞాపకశక్తి తక్కువైన ఉల్లేఖకుని మాటను హదీసు పండితులు ఏ జాగ్రత్తతో స్వీకరించారో, ఈ చిత్రాన్ని కూడా ఆ జాగ్రత్తతోనే స్వీకరించాలి. రూపం, ఎత్తు, వసారాల సంఖ్య, నీడ పడిన దిక్కు వంటి విషయాల్లో అది గట్టి సాక్షి. రంగు విషయంలో దాని సాక్ష్యం చెల్లదు.

ఆ మాటకు వస్తే 'నలుపు తెలుపు' అన్న పేరు కూడా ఈ చిత్రాలకు పూర్తిగా సరిపోదు. నాటి ప్రతులను గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద అచ్చు తీసేవారు. వాటి నీడలు ఊదాగోధుమ ఛాయలో ఉంటాయి, వెలుతురు భాగాలు మీగడ రంగులోకి తిరుగుతాయి. తరువాతి పుస్తకాల్లో వాటిని తిరిగి అచ్చువేసినప్పుడు ఆ గోధుమ ఛాయ పోయి బొగ్గు నలుపు వచ్చి చేరింది. పాఠకుడు చూస్తున్నది చాలాసార్లు ప్రతికి ప్రతి, దానికి మరొక ప్రతి. చేయి మారిన కొద్దీ ఉల్లేఖనంలో కొంత జారిపోవడం ఇక్కడా జరిగింది.

కదిలినవారు, నిలిచినవారు

రంగులాగే కదలిక కూడా ఆ పలకకు అందని విషయం. కటకం ముందు కొన్ని సెకండ్ల పాటు కదలకుండా ఉన్నదే పలక మీద స్పష్టంగా నిలుస్తుంది. నడిచిపోయే మనిషి మసక గీతగా మారతాడు, లేదా పూర్తిగా మాయమవుతాడు. 19వ శతాబ్దపు మస్జిద్ చిత్రాల్లో ఎక్కువ భాగం నిర్మానుష్యంగా కనబడడానికి ఇది ఒక కారణం. జనంతో కిటకిటలాడిన ప్రాంగణం కూడా చిత్రంలో పాడుబడిన కోటలా తోచవచ్చు.

మరొక కారణం కూడా ఉంది. యూరపు పండితులు చాలామంది ఖాళీ మస్జిద్‌నే కోరుకున్నారు. కైరో మస్జిద్‌ల నిర్మాణ చరిత్రను జీవితమంతా పరిశోధించిన క్రెస్‌వెల్ (1879-1974) తీసిన వేలాది చిత్రాలు అందుకు ఉదాహరణ. ఇబ్న్ తూలూన్ మస్జిద్ కమానులు, గచ్చు నగిషీలు వాటిలో అద్భుతమైన స్పష్టతతో కనబడతాయి. ఇటుక ఇటుకనూ లెక్కించవచ్చు. శాస్త్రానికి అవి చేసిన సేవ కాదనలేనిది. కాని అక్కడ మనిషి కనబడడం అరుదు, కనబడినా కమాను ఎత్తును అంచనా వేయడానికి పనికివచ్చే కొలబద్దగానే ఉంటాడు. అలాంటి చిత్రాలనే చూస్తూ పెరిగిన విద్యార్థికి మస్జిద్ అంటే రాతి కట్టడమన్న భావం తెలియకుండానే స్థిరపడుతుంది. సజ్దా చేసే నుదురు లేని మస్జిద్ అతనికి సహజంగా తోస్తుంది.

సాదిఖ్ బే వాడింది కూడా ఆ మందకొడి పలకనే. అయినా ఆయన సంపుటిలో నమాజు వేళ తీసిన హరం దృశ్యం ఉంది. కాబా చుట్టూ వలయాలుగా తీరిన సఫ్‌లు అందులో కనబడతాయి. ఇది ఎలా సాధ్యమైంది? జవాబు నమాజులోనే ఉంది. తవాఫ్ చేసేవారు కదులుతూ ఉంటారు, కనుక పలక వారిని పట్టలేదు. ఖియాంలో నిలిచినవారు, తషహ్హుద్‌లో కూర్చున్నవారు కదలరు. వేలాది మంది ఒకే క్షణంలో ఒకే భంగిమలో నిశ్చలమవుతారు. ఫొటో స్టూడియోలో మనిషి తల కదలకుండా వెనుక ఇనుప ఊత పెట్టి బొమ్మలు తీసిన కాలమది. అలాంటి ఊత ఏదీ లేకుండా ఇంత పెద్ద సమూహం తనంతట తాను నిశ్చలంగా నిలిచే సందర్భం లోకంలో మరొకటి దొరకడం కష్టం.

యూరపు నుండి వచ్చినవానికి ఈ సంగతి తట్టకపోవచ్చు. తట్టినా ఆ వేళ హరంలోకి అతనికి ప్రవేశం లేదు. నమాజు ఎప్పుడు మొదలవుతుందో, ఏ రుకున్‌లో ఎంతసేపు నిలుస్తారో ఒంటికి పట్టినవాడే ఆ క్షణం కోసం పలకను సిద్ధం చేసుకోగలడు. ఆ చిత్రం వెనుక రసాయన శాస్త్రం ఎంత ఉందో నమాజు పరిచయమూ అంతే ఉంది. విమర్శకులు సాదిఖ్ బేను 'మొదటివాడు' అని పొగిడి ఊరుకుంటారు. ఆయన నిజమైన ఘనత ఈ ఒక్క చిత్రంలోనే ఎక్కువగా కనబడుతుంది.

ఎత్తు నుండి చూసిన చూపు

పొగడ్తతో పాటు లోపాన్ని కూడా చెప్పడం విమర్శ ధర్మం. సాదిఖ్ బే తీసిన ప్రసిద్ధ హరం దృశ్యాలు ఎత్తు నుండి తీసినవి. వసారాల చిన్న చిన్న గుంబజుల వరుస, మతాఫ్, దాని చుట్టూ ఉన్న కట్టడాలు, వెనుక కొండవాలున ఇళ్ళు, అన్నీ పటం పరచినట్లు అమరుతాయి. విడివిడి పలకల మీద తీసిన ముక్కలను పక్కపక్కన చేర్చి హరం మొత్తాన్ని ఒకే విశాల దృశ్యంగా కూడా చూపించాడు. ఇది పటాలు గీసే ఇంజినీరు చూపు. కట్టడం ఎలా ఉందో ఈ చూపు చక్కగా చెబుతుంది.

ఆరాధకుడు హరంను ఇలా చూడడు. అతను ద్వారం గుండా లోపలికి వస్తాడు, స్తంభాల నడుమ నడుస్తాడు, హఠాత్తుగా కాబా కళ్ళెదుటికి వస్తుంది, తల పైకెత్తుతాడు. ఆ తొలి చూపు కోసం జీవితమంతా దుఆ చేసినవారు ఎందరో! నేల మీద నిలిచినవాని ఆ చూపు సాదిఖ్ బే చిత్రాల్లో దాదాపు లేదు. సఫ్‌లో నిలిచినవానికి తన ముందున్నవాని వీపు, పాదాల కింద వేడెక్కిన రాయి తప్ప వలయాకారం కనబడదు. ఎత్తు నుండి చూసినవానికి వలయం కనబడుతుంది గాని, వీపు కనబడదు. ఒకటి సముదాయం సత్యం, మరొకటి వ్యక్తి సత్యం. సాదిఖ్ బే మొదటిదానిని ఎంచుకున్నాడు. ఆ పరికరంతో రెండూ సాధించడం కష్టమే. అయినా ఆ లోటు లోటే. ఆయన చిత్రాలే హరం సర్వస్వమని భావించరాదు.

తెగిపోయిన సనద్

సాదిఖ్ బే తన చిత్రాల మీద తన పేరు నిలుపుకోగలిగాడు. ఆయన తరువాత వచ్చిన మక్కా వాస్తవ్యునికి ఆ అదృష్టం దక్కలేదు.

హాలెండు దేశపు ప్రాచ్య పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యె 1884లో జిద్దా చేరాడు. 1885 ఫిబ్రవరిలో, అబ్దుల్ గఫ్ఫార్ అనే ముస్లిం పేరుతో మక్కాలో ప్రవేశించాడు. ఆగస్టులో ఉస్మానియా అధికారులు ఆయనను నగరం విడిచి వెళ్ళమన్నారు. ఆ సంవత్సరం హజ్జు సెప్టెంబరులో జరిగింది. అంటే హజ్జును కళ్ళారా చూడకుండానే ఆయన వెళ్ళిపోయాడు. మక్కాలో ఆయనకు ఒక వైద్యునితో స్నేహం ఉండేది. ఆ వైద్యుని పేరు కూడా అబ్దుల్ గఫ్ఫారే, సయ్యిద్ అబ్దుల్ గఫ్ఫార్. స్నూక్ వెళ్ళిపోయాక ఈ వైద్యుడు చిత్రాలు తీసి లైడెన్‌కు పంపుతూ వచ్చాడు. హరం, నగరం, హాజీలు, హజ్జు మజిలీలు వాటిలో ఉన్నాయి. తాను తీసిన పలకల మీద 'మక్కా వైద్యుడు సయ్యిద్ అబ్దుల్ గఫ్ఫార్ తీసిన చిత్రం' అన్న అర్థం వచ్చేలా అరబ్బీలో అందంగా రాసుకున్నాడు.

1888-89లో స్నూక్ గ్రంథం మక్కా గురించి, దానితో పాటు చిత్రాల సంపుటాలు వెలువడ్డాయి. యూరపు విద్వత్ లోకం వాటిని ఆశ్చర్యంతో అందుకుంది. ఆ చిత్రాల్లో కొన్నింటి మీద వైద్యుని సంతకం చెరిపివేయబడి ఉంది. ఆయన పేరు శీర్షికకు ఎక్కలేదు. చాలాకాలం లోకం ఆ చిత్రాలన్నింటినీ స్నూక్ తీసినవిగానే భావించింది. ఇద్దరి పేరూ ఒకటే కావడం ఆ అయోమయాన్ని మరింత పెంచింది. లైడెన్‌లో భద్రపరచిన అసలు ప్రతులను పరిశోధకులు తరువాతి కాలంలో పోల్చి చూసినప్పుడే మక్కా వైద్యునికి తన చిత్రాలు తిరిగి దక్కాయి.

హదీసు శాస్త్రంలో దీనికి దగ్గరైన పేరు ఒకటి ఉంది. నడుమ ఉన్న ఉల్లేఖకుని పేరు దాచి, పై వ్యక్తి నుండి తానే నేరుగా విన్నట్లు అనిపించేలా చెప్పడాన్ని తద్లీస్ అంటారు. పండితులు దీనిని తీవ్రంగా గర్హించారు. కారణం స్పష్టం. పేరు దాచితే ఒక మనిషికి అన్యాయం జరుగుతుంది, అంతకు మించి వార్త విలువను తూచే మార్గమే మూసుకుపోతుంది. మక్కా చిత్రాల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. నగరంలో నివసించేవాడు తన మనుషులను చిత్రించడం వేరు, కొద్ది నెలలు ఉండి వెళ్ళిన పరదేశి చిత్రించడం వేరు. కటకం ముందు నిలిచినవారు తమ వైద్యుణ్ణి చూస్తున్న చూపును, విదేశీయుణ్ణి చూస్తున్న చూపుగా తరాల పాఠకులు అర్థం చేసుకున్నారు. 1889 నుండి స్నూక్ డచ్చి వలస ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేశాడని గుర్తు చేసుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో బోధపడుతుంది.

స్నూక్ పాండిత్యాన్ని కాదనవలసిన పని లేదు. మక్కా జీవితం మీద ఆయన రాసింది నేటికీ చదవదగినదే. ఆ పాండిత్యం ఒక సంతకాన్ని చెరిపే అధికారాన్ని ఎవరికీ ఇవ్వదు.

ధర్మశాస్త్ర చర్చ

ఈ సందర్భంలో ఛాయాచిత్రం ధర్మసమ్మతమా అన్న ప్రశ్న తలెత్తడం సహజం. ఈజిప్టు మహాముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ దీనిపై ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. కెమెరా కొత్త రూపాన్ని సృష్టించదని, అల్లాహ్ సృష్టించిన వస్తువు నీడను పట్టి ఉంచుతుందని, కనుక అది నిషిద్ధ చిత్రలేఖనం కిందికి రాదని ఆయన వాదన. భారత ఉపఖండంలోని ఉలమాల్లో అనేకులు దీనితో ఏకీభవించలేదు. చేత్తో గీసినా యంత్రంతో తీసినా ప్రాణుల బొమ్మ బొమ్మేనని వారన్నారు. మౌలానా ముఫ్తీ ముహమ్మద్ షఫీ ఈ పక్షాన ఒక గ్రంథమే రచించారు.

హరం చిత్రాల వరకు ఈ భేదం తీవ్రత తగ్గుతుంది. కట్టడాలు, చెట్లు, కొండలు వంటి నిర్జీవ దృశ్యాల విషయంలో వివాదం లేదు. ఎత్తు నుండి తీసిన దృశ్యంలో మనుషులు అవయవాలు గుర్తుపట్టలేనంత చిన్నవిగా ఉంటారు. అంత చిన్న బొమ్మ నమాజు స్థలంలో ఉన్నా కరాహత్ లేదని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలే చెబుతున్నాయి. సయ్యిద్ అబ్దుల్ గఫ్ఫార్ తీసిన నిలువెత్తు మనుషుల చిత్రాల సంగతి వేరు. అక్కడ పాఠకుడు తాను అనుసరించే ఉలమాల మాటను అనుసరిస్తాడు.

మారిన కట్టడానికి సాక్ష్యం

ఇంతకూ ఈ చిత్రాలు దేనికి సాక్ష్యం చెబుతున్నాయి? ముఖ్యంగా మారిపోయిన కట్టడానికి. సాదిఖ్ బే చూసిన మతాఫ్ అంచుల్లో హనఫీ, మాలికీ, హంబలీ మఖాంలు వేర్వేరు కట్టడాలుగా ఉండేవి. జమ్‌జమ్ బావి మీద ఒక భవనం, బనీ షైబా పేరు గల ఒక విడి కమాను ఉండేవి. నాలుగు మజ్హబ్‌ల జమాఅత్‌లు వేర్వేరుగా నడిచిన కాలమది. 20వ శతాబ్దపు మూడవ దశకంలో సౌదీ పాలన వచ్చాక జమాఅత్ ఒక్కటైంది. తరువాతి విస్తరణల్లో ఆ కట్టడాలు కూడా తొలగిపోయాయి. మస్జిదె నబవీలో 1951-55 నడుమ జరిగిన విస్తరణలో మజీదీ కట్టడపు ఉత్తర భాగం స్థానంలో కొత్త భవనం వచ్చింది. దక్షిణాన ఉన్న నమాజు మందిరం మాత్రం నిలిచింది. మక్కాలో 2012 తరువాత జరిగిన మతాఫ్ విస్తరణలో ఉస్మానియా వసారాలను విప్పదీసి, కొంత భాగాన్ని తిరిగి నిలబెట్టారు.

ఈ మార్పుల గురించి రెండు అతివాదాలు వినబడుతుంటాయి. పాత చిత్రాలు చూపించి, పోయినదంతా తిరిగిరాని సంపద అని కంటతడి పెట్టేవారు ఒక పక్షం. కట్టడం ఏదైతేనేం, ఆరాధన ముఖ్యం, పాత చిత్రాలతో పనేమిటని కొట్టిపారేసేవారు మరొక పక్షం. మొదటి పక్షం ఒక విషయం మరచిపోతున్నది. సాదిఖ్ బే చిత్రించిన మక్కా వసారాలు 16వ శతాబ్దం ఉత్తరార్ధంలో కట్టినవి. వాటికి ముందున్న కట్టడం పోయి అవి వచ్చాయి. హరం పవిత్రత ఏ ఒక్క కాలపు స్తంభాలకూ కట్టుబడి లేదు. హాజీల సంఖ్య లక్షలు దాటినప్పుడు స్థలం పెంచడం తప్పనిసరి. రెండవ పక్షం మరొకటి మరచిపోతున్నది. నాలుగు మఖాంలు ఎక్కడ ఉండేవో, జమాఅత్ ఎప్పుడు ఒక్కటైందో తెలియని విద్యార్థికి ఫిఖ్హ్ చరిత్రలో ఒక అధ్యాయం అర్థం కాదు. ఉమ్మత్ ఒకప్పుడు ఎలా విడివడి నిలిచిందో, మళ్ళీ ఎలా ఒకే ఇమామ్ వెనుక చేరిందో చూపించే సాక్ష్యం ఆ చిత్రాల్లో ఉంది. స్తంభాలను మార్చవచ్చు. సాక్ష్యాన్ని పారవేయడం ఎవరికీ లాభం కాదు.

ఫ్రేము వెనుక

సాదిఖ్ బే, సయ్యిద్ అబ్దుల్ గఫ్ఫార్‌ల తరువాత ఈ దారిలో మరికొందరు నడిచారు. ఈజిప్టు మహ్మల్ అధికారి ఇబ్రాహీం రిఫ్అత్ పాషా 1901-1908 నడుమ చేసిన యాత్రల చిత్రాలను 'మిర్ఆతుల్ హరమైన్' అనే గ్రంథంలో 1925లో ప్రకటించాడు. భారతదేశం నుండి ఢిల్లీ చాందినీ చౌక్‌కు చెందిన హెచ్.ఎ. మీర్జా అండ్ సన్స్ అనే ఫొటో సంస్థ 1907 ప్రాంతంలో మక్కా మదీనాల చిత్రాలు తీసి, ఉర్దూ శీర్షికలతో జనంలోకి తెచ్చింది. ఈ దేశపు ముస్లిముల ఇళ్ళలోకి హరమైన్ చిత్రాలు ప్రవేశించిన మార్గాల్లో అదొకటి.

తెలుగు ముస్లిముల ఇళ్ళలోని పాత ఫ్రేముల్లో ఎవరి చిత్రం ఉందో నేడు తేల్చడం తేలిక కాదు. కొన్ని సంకేతాలు మాత్రం సాయపడతాయి. మతాఫ్ అంచున మఖాంలు కనబడుతున్నాయా, మదీనా ప్రాంగణంలో కటకటాల మధ్య చిన్న ఖర్జూర తోట ఉందా, చిత్రం కింద ఉర్దూ అక్షరాలు ఉన్నాయా, కాగితం గోధుమ ఛాయలో ఉందా అని చూడవచ్చు. సున్నం వేసేటప్పుడు ఫ్రేమును దించినప్పుడల్లా దాని వెనుక అట్టను ఒకసారి పరిశీలించవచ్చు. అక్కడ ఏ స్టూడియో ముద్రో, తాతగారి చేతిరాతో ఉండవచ్చు. రంగుల క్యాలెండర్ వచ్చిందని పాత చిత్రాన్ని అటక మీదికి తోసేవారు, తమ ఇంట్లో ఉన్న ఒక ఉల్లేఖనాన్ని వినకుండానే మూసివేస్తున్నారు.

అలాంటి చిత్రం ఇంట్లో ఉన్నవారు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఎవరు తెచ్చారో, ఏ సంవత్సరంలో హజ్జు చేశారో, తీసినవారి పేరు తెలిస్తే ఆ పేరు, ఒక కాగితం మీద రాసి వెనుక అంటించాలి. తీసినవారి పేరు తెలియకపోతే 'తీసినవారు తెలియదు' అని రాయాలి. హదీసు పండితులు తమకు తెలియని ఉల్లేఖకుని గురించి మజ్హూల్ అని నిస్సంకోచంగా రాశారు. తెలియదని చెప్పడం వారికి నామోషీ కాలేదు, అమానత్‌గా తోచింది.